అర్థశాస్త్రమున ప్రయోగ పద్ధతి

రసాయనశాస్త్రము నభ్యసించు విద్యార్థి గాజుగొట్టములో సున్నపుతేటను బోసి, దానిలోనికి నోటితో గాలి నూదినచో, ఆ తేట పాలవలె తెల్లబడుట కన్నులార చూచును. నిజముగా తన యూపిరిచేతనే తెల్లబడెనా యని సందేహము గలిగినచో, మరియొక గొట్టమున అదే తేటను బోసి, ఊదక ప్రక్క నుంచుకొని పోల్చుకొనును. అర్థశాస్త్రము చదువు విద్యార్థి కట్టి భాగ్యము లేదు. ధర పెరిగినచో కొనువారు తగ్గుదురని పుస్తకము చెప్పును; అతడు కంఠస్థము చేయును. చిత్తూరు బెల్లపు మండీలో ఒక సంవత్సరము ధర పడిపోయినదనుకొందము. ఆ యేట చెఱకు విరివిగా పండినదా, పొరుగు నాటి బెల్లము వచ్చి పడినదా, పండుగలు ముందు వచ్చినవా, వ్యాపారులు కూడబలుకుకొనిరా? కారణము లన్నియు ఒక్కసారి కలిసి వచ్చును. వానిలో ఒక్కదానిని మాత్రము కదిపి, తక్కినవానిని కదలనీయక నిలిపి యుంచుట యెవరి తరము?

ఇందుచేతనే అర్థశాస్త్రము ఖగోళశాస్త్రము వంటిదనియు, దూరమునుండి చూచి గ్రహింపవలసినదే గాని చేతబట్టి పరీక్షింప వీలు లేనిదనియు పెద్దలు చిరకాలము చెప్పుచు వచ్చిరి. ఈ మాట యిప్పుడు నిలువదు. మనుష్యులు ధనవిషయమున ఎట్లు ప్రవర్తింతురో ప్రయోగముచేత తెలిసికొను పద్ధతులు కొన్ని యేర్పడినవి. వానిలో కొన్ని ముఖ్యమైన ప్రయోగములు తెలుగు పల్లెలలోను, తెలుగు పాఠశాలలలోను జరిగినవని మన విద్యార్థులలో పలువు రెరుగరు. ఆ సంగతి చెప్పుటకే ఈ వ్యాసము.

మొదటి ప్రయత్నము తరగతి గదిలోనే జరిగినది. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఎడ్వర్డు చేంబర్లిన్ అను ఆచార్యుడు తన విద్యార్థులకు చీట్లు పంచి, కొందరిని అమ్మువారుగను, కొందరిని కొనువారుగను నిర్ణయించెను. అమ్మువాని చీటిలో ఇంతకు తక్కువకు అమ్మరాదనియు, కొనువాని చీటిలో ఇంతకు మించి కొనరాదనియు ఒక్కొక్క సంఖ్య యుండును. ఒకరి చీటి యొకరికి తెలియదు. వారు గదిలో తిరుగుచు జంటలు జంటలుగా బేరమాడిరి. పుస్తకములు చెప్పిన ధరకు బేరములు కుదురలేదని 1948లో చేంబర్లిన్ ప్రకటించెను. ఆ తరగతిలో కూర్చున్న వెర్నన్ స్మిత్ అను శిష్యునికి ఈ ఫలితము తృప్తి గలిగింపలేదు. అతడు ఆ యాటను రెండు మార్పులతో మరల ఆడించెను. బేరమును చెవిలో గాక అందరును వినునట్లు కేకవేసి చెప్పవలెను; ఆటను ఒక్కసారితో ముగింపక పలుమారులు జరుపవలెను. అంతట ధర కొన్ని యావృత్తులలోనే పుస్తకము చెప్పిన చోటికి చేరసాగెను. 1962లో దీనిని ప్రకటించిన స్మిత్‌నకు 2002లో నోబెల్ బహుమానము లభించినది.

మన పశువుల సంతలలో తువాలు క్రింద చేతులు దాచి వ్రేళ్లు పట్టుకొని బేరమాడుట పెద్ద లెరుగుదురు. మండీలో కుప్పయెదుట నిలిచి పదిమందిలో పాట పాడుటయు నెరుగుదురు. రెండింటిలోను సరకును ధనమును చేతులు మారుటయే జరుగును. కాని ఏర్పాటు వేరు. అందుచేత ధరయు వేరగును. చేంబర్లిన్, స్మిత్ ఆడించిన ఆటలకు గల భేదము చాలవరకు ఇదియే.

ఇక మన దేశమునకు వత్తము. మెట్టరైతు కొత్త విత్తనమును, ఎరువును ఏల కొనడు? ఈ ప్రశ్నకు పట్టణమందలి విద్యావంతులు చెప్పు జవాబు ఒకటి కలదు. పేదవాడు స్వభావముచేత పిరికివాడు. నష్టమునకు వెరచి పాతదానినే పట్టుకొని వ్రేలాడును. ధనికుడు ధైర్యము గలవాడు గనుక ముందడుగు వేయును. ఈ జవాబు విని మన తండ్రులు తాతలు ఎన్నిమారులు తలవంచుకొనిరో! అయినను ఇది నిజమా యని పరీక్షించినవారు చాలకాలము వరకు లేరు.

హైదరాబాదు చెంత పటాన్‌చెరువులో 1972లో ఇక్రిశాట్ అను అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ నెలకొల్పబడెను. ఆ సంస్థవారు 1975 మొదలుగా కొన్ని గ్రామములను ఎన్నుకొని, అచ్చటి కుటుంబముల రాకపోకలను, పంటలను, అప్పులను ఏండ్ల తరబడి వ్రాసికొనుచు వచ్చిరి. నాటి మహబూబునగరము జిల్లాలోని ఔరేపల్లె, దోకూరు అను పల్లెలు వానిలోనివి. అచ్చట పనిచేసిన హాన్స్ బిన్స్‌వాంగర్ అను పండితుడు పై ప్రశ్నకు ఉత్తరము వెదకెను.

మొదట సులభమార్గము తోచును: అడిగి తెలిసికొనుట. "అయ్యా, నీ కిట్టి లాభము, అట్టి నష్టము కలుగునట్లున్నచో ఏమి చేయుదువు?" అని ప్రశ్నించి జవాబు వ్రాసికొనుట. ఈ మార్గము నమ్మదగినది కాదని బిన్స్‌వాంగర్ కనుగొనెను. అడుగువాడు మారిన జవాబును మారెను. ఊహామాత్రమైన ధనమును గూర్చి చెప్పిన మాటకును, నిజమైన ధనము ముందున్నప్పుడు చేసిన పనికిని పొందిక లేకపోయెను. ఇది మనకు వింత కారాదు. పరీక్షాధికారి వచ్చి "ప్రతిదినము పాఠము చదువుచున్నావా?" యని యడిగిన, లేదను బాలు డెవడు?

కనుక అతడు నిజమైన రూపాయలతో ఒక యాట నేర్పరచెను. రైతుయెదుట కొన్ని జతల మొత్తములను చూపుదురు. అతడు వానిలో ఒక జతను కోరుకొనవలెను. పిమ్మట నాణెమును ఎగురవేయుదురు. బొమ్మ పడినచో జతలోని మొదటి మొత్తము, బొరుసు పడినచో రెండవ మొత్తము అతని కిత్తురు. పెద్ద యాటలోని జతలలో ఆరింటిని క్రింద వ్రాయుచున్నాము.

మొదటిది: ఏది పడినను 50 రూపాయలు.
రెండవది: 45 లేక 95.
మూడవది: 40 లేక 120.
నాలుగవది: 30 లేక 150.
అయిదవది: 10 లేక 190.
ఆరవది: ఏమియు లేదు, లేక 200.

విద్యార్థులు కాగితము తీసికొని వీని సగటులను కట్టి చూతురు గాక. మొదటిదానికి 50, రెండవదానికి 70, మూడవదానికి 80, నాలుగవదానికి 90, అయిదవదానికి 100 వచ్చును. క్రిందికి పోయిన కొలది సగటు పెరుగును. దానితోపాటు చెడు పక్షమున చేతికి వచ్చునది తగ్గును. అయిదవదానికిని ఆరవదానికిని సగటు ఒక్కటే; కాని ఆరవదానిలో సాహస మెక్కువ. కావున ఒకడు ఏ జతను కోరునో దానినిబట్టి అతడు నష్టమున కెంత వెరచునో కొలువవచ్చును. త్రాసు లేకయే మనస్సును తూచుట యన్నమాట. ఆట మొదట అర్ధరూపాయి ప్రమాణముతో ప్రారంభమై, పిమ్మట 5 రూపాయలు, ఆ పిమ్మట 50 రూపాయల ప్రమాణమునకు పెరిగెను. ఈ కడపటి యాటలో సగటున రాదగిన మొత్తము ఆ కాలపు మామూలు కూలివాని నెల సంపాదనను మించినది. మూడు వందలకు పైబడిన గ్రామస్థు లీ యాటలలో పాల్గొనిరి.

ఇది జూదము కాదా యని మా పాఠకులలో కొంద రడుగుదురని మే మెరుగుదుము. అడుగుట న్యాయమే. ధర్మరాజు తన రాజ్యమును ఒడ్డెను. ఇచ్చట ఒడ్డువాడు పరిశోధకుడే. రైతు తన కాసును పెట్టడు. ఎంత చెడ్డగా పడినను ఏమియు లేకుండ ఇంటికి పోవునే గాని అప్పుపడి పోడు. అట్టి యాటలో పేదవాని కొంపకు ముప్పు లేదు. కాని ఈ యుత్తరములోనే ఆ పద్ధతియొక్క బలహీనతయు దాగియున్నది. పరులిచ్చిన ధనముతో చూపు ధైర్యము, ఆలి పుస్తెలు తాకట్టుపెట్టి తెచ్చిన ధనముతో చూపునా? ఈ యాక్షేపణ పూర్తిగా తీరలేదని మా యభిప్రాయము.

ఫలిత మేమనగా, అర్ధరూపాయి ఆటలో పలువురు పలు విధముల కోరిరి; సాహసించినవారును కలరు. ప్రమాణము పెరిగిన కొలది జనులు నడిమి జతలకు చేరుకొనిరి. పెద్ద యాటలో మిక్కిలి పిరికివారును అరుదు, మిక్కిలి సాహసులును అరుదు. అత్యధికులు మితమైన జాగ్రత్త గలవారు. ముఖ్యమైన సంగతి యిది: ధనికునికిని పేదకును ఈ విషయమున చెప్పదగిన భేదము కనబడలేదు. ఎకరముల లెక్క స్వభావమును మార్చలేదు. 1980లో ఈ ఫలితములను ప్రకటించుచు బిన్స్‌వాంగర్ ఇట్లు నిర్ణయించెను: ఒక రైతు కొత్త పద్ధతిని చేపట్టి వేరొకడు చేపట్టకుండుటకు కారణము వారి స్వభావభేదమని చెప్పరాదు, అప్పు పుట్టుట, సరకు అమ్ముకొను వసతి, సలహా చెప్పువారి రాక, ఇట్టివానిలోని భేదములే కారణములుగా వెదకవలెను. నాణెమును ఎగురవేసిన యాట ఒకటి, పట్టణపు పండితుల యభిప్రాయమును ఇంతవరకు కదల్చగలిగెను.

ఈ నిర్ణయమునకు తోడుగా పిమ్మట మరియొక ప్రయోగము జరిగినది. వాన తగినంత కురియనిచో రైతుకు పరిహార మిచ్చు భీమా పత్రములను అనంతపురము, మహబూబునగరము జిల్లాల పల్లెలలో అమ్మజూపిరి. మెట్టవేరుసెనగ పండించు ఆ ప్రాంతములలో ఇంతకంటె అవసరమైన సరకు ఏది? అయినను కొన్నవారు కొద్దిమందియే. ఏల? 2006లో పరిశోధకులు ఇంటింటికి పోయి విషయము వివరించి, కాలము వెచ్చించినందులకు కొందరికి 25 రూపాయలు, కొందరికి 100 రూపాయలు ఇచ్చిరి. ఎవరి కెంత యనునది చీటివలన తేలును. నూరు రూపాయలు పొందినవారు చాల యెక్కువగా ఆ పత్రములను కొనిరి. తాము నమ్మిన సంస్థవాడు వెంట వచ్చి మంచిదని చెప్పినచోటను కొనుగోలు పెరిగెను. అనగా రైతుకు అడ్డు వచ్చినది మందబుద్ధి గాదు. విత్తనకాలమున చేతిలో రొక్కము లేకుండుటయు, ముక్కుమొగము తెలియనివానిని నమ్మలేకపోవుటయు.

ఇచ్చట "చీటివలన" అను మాటను కొంత విప్పి చెప్పవలెను. ఏలయన ఈ శాస్త్రమునకు అదియే ఆయువుపట్టు. ఒక యూరిలో కొత్త యేర్పాటు చేసి ఫలితము చూచిన చాలదు. ఆ యేడు వానలు బాగుగా కురిసి యుండవచ్చును. ఏర్పాటు చేసిన యూరిని చేయని యూరితో పోల్చినను చాలదు. అధికారి తనకు నచ్చిన మంచి యూరినే ఎన్నుకొని యుండవచ్చును. ఊరి పేర్లన్నియు చీట్లపై వ్రాసి, కుండలో వేసి కలిపి, కన్నులు మూసికొని సగము తీసినచో, తీసిన యూళ్లకును మిగిలిన యూళ్లకును సగటున ఏ విషయమునను పక్షపాత మంతగా నుండదు. అప్పుడు తరువాత కనబడిన భేదము ఆ యేర్పాటువలన వచ్చినదని ధైర్యముగా చెప్పవచ్చును. ఇంగ్లండునందలి రోథంస్టెడ్ వ్యవసాయక్షేత్రమున రొనాల్డు ఫిషర్ 1920 తరువాత మడులకు ఎరువులు వేయుటలో ఈ పద్ధతిని శాస్త్రీయముగా స్థాపించెను. మడులనుండి అది రోగులకు వచ్చెను; రోగులనుండి సంసారులకు వచ్చెను. మదనపల్లె చెంత 1915లో మిషను సంఘములు కలిసి స్థాపించిన ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయమువారు 1950 మొదలుగా చుట్టుపట్ల జనులలో బి.సి.జి. టీకా వేసికొన్నవారిని, వేసికొననివారిని ఏండ్ల తరబడి పోల్చి చూచిరి. పోలికతో నిజము తేల్చు పద్ధతి మన సీమకు అప్పటికే పరిచితమైనది.

చీటి వేయుట అన్యాయమని కొందరందురు. తిరుమలలో ఆర్జితసేవల టిక్కెట్లు కొన్నియే యుండి కోరువారు వేలకొలది యున్నప్పుడు డిప్పు పద్ధతిచేత పేర్లు తీయుట మన తిరుపతివారికి తెలియనిది కాదు. దొరకనివాడు చిన్నబోవును గాని తనకు అన్యాయము జరిగినదని యనడు. అందరికిని ఇచ్చుటకు ధనము చాలనప్పుడు చీటియే సిఫారసుకంటె ధర్మమైనది.

ఈ పద్ధతితో జరిగిన ప్రయోగములలో ఉపాధ్యాయులమగు మాకు మిక్కిలి దగ్గరదానిని గూర్చి చెప్పెదము. ఉపాధ్యాయుని జీతము పిల్లలు నేర్చినను నేర్వకున్నను ఒక్కటే. నేర్చినదానినిబట్టి కొంత బహుమాన మిచ్చిన ఏమగును? 2005లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, ప్రపంచ బ్యాంకు, అజీం ప్రేంజీ ఫౌండేషను కలిసి అయిదు జిల్లాలలో 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను చీటివలన ఎన్నుకొనిరి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను పండితులు దీనిని నడిపిరి. నూరు బడులలో ఒక్కొక్క ఉపాధ్యాయునికి అతని పిల్లల అభివృద్ధినిబట్టి బహుమానము. నూరింటిలో బడియంతటికి కలిపి బహుమానము. నూరింటికి అదనపు ఉపాధ్యాయుడు. నూరింటికి సామగ్రికై రొక్కము. కడపటి నూరింటికి ఏమియు లేదు. బహుమానము సగటున సంవత్సరపు జీతములో నూటికి 3 వంతులు మాత్రమే.

ఆరంభములో పెద్దలకు కలిగిన భయములు మాకును కలవు. ధనాశ పెట్టినచో ఉపాధ్యాయుడు పరీక్ష ప్రశ్నలనే వల్లింపజేయడా? లెక్కలకును భాషకును బహుమానము గనుక సామాన్యశాస్త్రమును మూలకు నెట్టడా? రెండు సంవత్సరములైన పిదప చూడగా, బహుమానపు బడులలోని పిల్లలు లెక్కలలోను భాషలోను పోలిక బడులవారిని మించిరి. తరగతిలో నూరుగురిని మార్కుల వరుసను క్రిందినుండి నిలిపినచో, 50వ స్థానమున నుండదగిన బాలుడు లెక్కలలో సుమారు 60వ స్థానమునకును, భాషలో 56వ స్థానమునకును చేరినంతటి అభివృద్ధి యది. బహుమానము లేని సామాన్యశాస్త్రము, సాంఘికశాస్త్రములలోను వారే మిన్నగా నుండిరి. కంఠపాఠము చాలని ప్రశ్నలకును జవాబు లిచ్చిరి. ఇంచుమించు అంతే ధనమును సామగ్రిపై వెచ్చించిన బడులలో ఇంతటి మేలు కనబడలేదు.

ఒక వింత యేమనగా, ఉపాధ్యాయుల గైరుహాజరు మాత్రము తగ్గలేదు! రానివారు రానట్లే యుండిరి. వచ్చినవారు వచ్చిన దినమున ఎక్కువ పాటుపడిరి: ఇంటిపని యెక్కువ ఇచ్చుట, వేళ దాటినను పాఠము చెప్పుట, వెనుకబడినవారిని దగ్గర కూర్చుండబెట్టుకొనుట. బోధన ధనమునకు అమ్ముడుపోవు వస్తువు కాదని మాలో కొందరు వాదింతురు; ఆ వాద మీ ప్రయోగముచేత ఓడినదని మేము తలపము. అయినను మూడు వంతుల బహుమానము ఇంతపని చేసినదన్నచో, అంతకుముందు ఆ పాటు ఏల జరుగలేదను ప్రశ్న మమ్ము బాధింపక మానదు.

హైదరాబాదు నగరమున జరిగిన చిన్న అప్పుల పరీక్షను క్లుప్తముగా చెప్పి విడుతుము. 104 పేదవాడలలో 52 వాడలను చీటివలన ఎన్నుకొని అచ్చట ఒక సంస్థ స్త్రీల బృందములకు అప్పు లిచ్చుట కారంభించెను. చిన్న అప్పులు దారిద్ర్యమును నిర్మూలించునని కొందరును, కొంపలు ముంచునని కొందరును ఘోషించుచుండిన కాలమది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో మొదలగువారు చూడగా రెండును కాలేదు. కొందరు కుట్టుమిషనువంటి పరికరములు కొనిరి. తేనీరు, పొగాకువంటి చిల్లర ఖర్చు తగ్గించుకొనిరి. కుటుంబముల మొత్తపు వినియోగము, పిల్లల చదువు, స్త్రీల మాట చెల్లుబడి మాత్రము మారలేదు. ఆ యిరువురికిని మైకేల్ క్రేమర్‌తో కూడ 2019లో నోబెల్ బహుమానము లభించినది.

ఇక కడపటిది, మన సీమకు ప్రాణప్రదమైనది, నీటి యాట. చిత్తూరు సీమ పడమటి భాగము రాతినేల. క్రిందనున్న నీరు రాళ్ల పగుళ్లలో నిలిచియుండును. ఒకని బోరునకును ప్రక్కవాని బోరునకును హద్దురాయి పైననే గాని క్రింద లేదు. చెరువు నీటిని మన పెద్దలు వంతుల ప్రకారము పంచుకొనిరి. దానిని చూచుటకు నీరుగంటివా డుండెను. చెరువు కంటికి కనబడును గనుక అది సాధ్యమైనది. భూగర్భజలము కనబడదు. ఒకడు వందల అడుగులు త్రవ్వి టొమాటోయో, వరియో, చెఱకో పెట్టును. మరునాడు పొరుగువాడు అంతకంటె లోతు త్రవ్వును. అప్పు లిద్దరికిని మిగులును.

ఆంధ్రప్రదేశ్‌లోని ఇట్టి రాతినేలల పల్లెలలో రూత్ మైన్‌జెన్ డిక్ మొదలగు పరిశోధకులు గ్రామసేవాసంస్థలతో గూడి రైతులచేత ఒక యాట ఆడించి, 2016లోను 2018లోను ఫలితములను ప్రకటించిరి. ఆటలో ఒక్కొక్కరు ప్రతి కారునకు తక్కువ నీటి పంటనో, ఎక్కువ నీటి పంటనో రహస్యముగా ఎన్నుకొనవలెను. పిమ్మట నీరెంత మిగిలెనో అందరికిని చూపుదురు. తరగతిలో ఆడుటకు అనువుగా మేము లెక్కలను మార్చి చెప్పుచున్నాము.

ఒక కుండలో 50 చింతపిక్కలు వేయుడు; అదియే నీరు. ఆడువా రయిదుగురు. రాగి వేసినవాడు 1 పిక్క తీయును, 3 రూపాయలు గడించును. వరి వేసినవాడు 3 పిక్కలు తీయును, 5 రూపాయలు గడించును. అందరును తీసిన పిమ్మట వానగా 5 పిక్కలు కుండలో పడును. అందరడిగిన నీరు కుండలో లేనినాడు బోరు లెండిపోయినట్లు, ఆట ముగిసెను.

అందరును వరి వేసినచో ప్రతి కారునకు 15 పోయి 5 వచ్చును. నాలుగు కార్లకు కుండలో 10 మిగులును. అయిదవ కారున 15 కావలెను, లేవు. ఒక్కొక్కనికి వచ్చినది 20 రూపాయలు. అందరును రాగి వేసినచో తీసినది 5, పడినది 5. పది కార్లకు ఒక్కొక్కనికి 30 రూపాయలు, కుండ నిండుగనే యుండును. చిక్కెచ్చట ననగా, నలుగురు రాగి వేయుచుండగా ఒక్కడు వరి వేసినచో అతనికి పది కార్లలో 50 రూపాయలు వచ్చును. కుండలో ఇంకను 30 మిగిలియుండును. "నే నొక్కడనే గదా, రెండు పిక్కలే గదా యెక్కువ" యని అతడు తలచును. అట్లే అయిదుగురును తలతురు. ఎవడును దుర్మార్గుడు కాడు. కుండ మాత్రము ఎండును. ప్రతి కారున ఇద్దరు వంతున వరి వేసికొనుట కొప్పుకొన్నచో పది కార్లకు ఒక్కొక్కనికి 38 రూపాయలు వచ్చును. కాని అప్పుడు కుండలో మిగులునవి 10 పిక్కలే. పదునొకండవ కారు ఆడువారు ఎవరో వా రడుగవలసిన ప్రశ్న యది.

పల్లెలలో ఆడించినప్పుడు, పంటకును నీటికిని గల సంబంధము కన్నులకు కట్టినట్లు కనబడిన చోట రైతులు పెక్కుమంది పొదుపుగనే ఆడిరి. సేవాసంస్థ చిరకాలము పనిచేసిన యూళ్లలోను, చదువుకొన్నవారిలోను, తమ యూరి పొందికపై నమ్మకము గలవారిలోను ఈ సహకార మెక్కువ. పురుషులు స్త్రీలను భేదము కనబడలేదు. ఆట ముగిసిన పిమ్మట ఊరివారందరు చేరి మాటలాడుకొనిరి. ఒక సంవత్సరమైన పిదప విచారింపగా, ఆ సంస్థ పనిచేయు గ్రామములలోనే, ఆట ఆడిన యూళ్లు ఆడని యూళ్లకంటె నీటి లెక్కల పుస్తకములు పెట్టుకొనుటలోను, నీటివాడుకకు కట్టుబాట్లు చేసికొనుటలోను ముందుండెను. భూగర్భజలము పెరిగినదని మాత్రము వారు చెప్పలేదు. వానలు, కరెంటు, ధరలు ఇవన్నియు దానిని శాసించును. కొలుచుటకై కల్పించిన యాట బోధించుటకును పనికివచ్చినది. గాజుగొట్టములోని సున్నపుతేట కిది చేతగాదు. కాని ఇందొక చిక్కు కలదు. పరిశోధింపబడుచున్నానని యెరిగిన మనుష్యుడు మారును. మారినవానిని కొలిచి మునుపటివా డిట్టివాడని చెప్పుట యెట్లు? తమ్ము చూచుచున్న దొరలయెదుట పొదుపుగా ఆడినవాడు రాత్రి మోటారు వేయడని ఎవరు చెప్పగలరు? ఊరిలోని బోర్ల లెక్కనుగూడ చూచి పోల్చినగాని ఈ సందేహము తీరదు.

మా విద్యార్థులు సెలవులలో ఇంటికి పోయినప్పుడు ఈ యాటను తమ పెద్దలతో ఆడి చూతురు గాక. చింతపిక్కలు, కుండ, అయిదుగురు మనుష్యులు చాలును. ఎవ రేమి వేసిరో ఒకరికొకరు తెలియకుండునట్లు చీటిపై వ్రాయించి, ఆటగానివాడు మాత్రమే చూడవలెను. మొదట మాటలాడనీయక ఒక యాట, పిమ్మట మాటలాడుకొననిచ్చి మరియొక యాట ఆడింపుడు. ప్రతి కారునకు కుండలో మిగిలిన పిక్కలను, ఒక్కొక్కరి సంపాదనను గీతల కాగితముపై వ్రాసికొని, ఆడినవారి వయస్సు, వారింట బోరు కలదో లేదో ప్రక్కన గుర్తించి, బడి తెరచిన మొదటి వారములో మాకు తెచ్చి యిండు.